చద్ది మూట నుంచి ఫ్రిజ్ డబ్బా దాకా

రాత్రి ఏడు దాటాక మన ఇళ్లలో అందరూ అడిగే ప్రశ్న, "ఇవాళ ఏం వండుతున్నావ్?" అని. అంతకంటే ముందే మనల్ని మనం అడుక్కునే ప్రశ్న ఇంకోటి ఉంటుంది. "పొద్దుటిది ఏం మిగిలింది?" ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి మనం జవాబు వెతుక్కునేది ఈ రెండో ప్రశ్నకే. సగం గిన్నె అన్నం, రెండు గరిటెల పప్పు, నాలుగు ఇడ్లీలు, డబ్బాలో తిరిగొచ్చిన బెండకాయ వేపుడు. ఇవన్నీ కలిపి నలుగురికి భోజనం చెయ్యాలి. అదీ పిల్లల హోంవర్కు, మర్నాటి యూనిఫాం ఇస్త్రీ మధ్యలో.

ఈ పని మనతో మొదలైంది కాదు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. కాకపోతే దాన్ని ఎవరూ ఒకచోట కూర్చి రాయలేదు. పాత పుస్తకాల్లో వంట కనిపిస్తే ఎక్కువగా విందులే కనిపిస్తాయి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటికొచ్చిన అతిథులకి వానాకాలం ఏం వడ్డించారో, ఎండాకాలం ఏం వడ్డించారో, చలికాలం ఏం వడ్డించారో వరసగా పద్యాలు రాశాడు. బి.ఏ.లో చదువుకున్నప్పుడు ఆ పద్యాలకి నోరూరింది. ఇన్నేళ్లు వంటింట్లో గడిపాక ఇప్పుడు నాకొచ్చే సందేహం వేరు. అంతమందికి వడ్డించాక గిన్నెల అడుగున మిగిలినదాన్ని ఆ ఇల్లాలు ఏం చేసింది? అది మాత్రం రాయలవారు చెప్పలేదు.

అందుకే పుస్తకాల్లో, పండగల్లో, మన మాటల్లో దొరికిన ముక్కలన్నీ పోగుచేసి చూద్దామనిపించింది.

చద్ది అంటే మిగిలింది కాదు

ముందు మాట సంగతి చూద్దాం. చద్ది అనే మాటకి పాత రూపం చల్ది. చల్లనిది అని అర్థం. తెలంగాణలో అదే సద్ది. మనం ఇప్పుడు చద్దన్నం అంటే నిన్న మిగిలిపోయిన అన్నం అనుకుంటున్నాం. కానీ పాత ఇళ్లలో చద్ది చాలావరకు మిగిలిపోయేది కాదు, కావాలని మిగిల్చేది. రాత్రి ఎసట్లో బియ్యం పోసేటప్పుడే, పొద్దున్న పిల్లలకీ పొలం వెళ్లేవాళ్లకీ చద్దికి కావాలని ఇంకో సోలెడు ఎక్కువ పోసేవారు. మా నాయనమ్మ బియ్యం కొలిచేటప్పుడు "ఇది రాత్రికి, ఇది చద్దికి" అని విడివిడిగానే కొలిచేది.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు విషయమంతా ఇందులోనే ఉంది. మిగిల్చినదానికి ముందే ఒక లెక్క ఉంటుంది. ఎవరు తింటారో, ఎప్పుడు తింటారో, దేంతో తింటారో తెలిసే వండుతాం. మిగిలిపోయినదానికి ఆ లెక్క ఉండదు. దాన్ని ఎవరో ఒకరు "సర్దుకోవాలి". ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మనకి తెలియంది కాదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మన భాషలో చద్ది వేరు, ఎంగిలి వేరు, అంటు వేరు. కంచంలో ఒకరు తినగా మిగిలింది ఎంగిలి. వండిన అన్నం ముట్టుకున్న చెయ్యి, ఆ గిన్నె అంటు. గిన్నెలో రాత్రి గడిచింది చద్ది. ఈ మూడింటికీ మూడు మాటలు, మూడు రకాల పద్ధతులు. అలాగే బియ్యం డబ్బా ఖాళీ అయితే "అయిపోయాయి" అనకూడదు, "నిండుకున్నాయి" అనాలి. రాత్రి అన్నం గిన్నె పూర్తిగా ఊడ్చేయకూడదు, ఒక్క మెతుకైనా ఉంచాలి అని చాలా ఇళ్లలో ఇప్పటికీ అంటారు. అన్నం పూర్తిగా లేకుండా పోవడం అంటే అంత భయం. మన వాళ్లు చూసిన కరువులు తక్కువేం కాదు. 1876–78 నాటి ధాత కరువు రాయలసీమ జిల్లాల్ని ఎంత తినేసిందో చరిత్రలో ఉంది. గిన్నె అడుగున మెతుకుండాలన్న మాట ఆ జ్ఞాపకాలున్న మనుషుల నోట్లో చాదస్తం కాదు.

కృష్ణుడి చేతిలో పెరుగన్నం

చద్దికి తెలుగు సాహిత్యంలో పెద్దపీట వేసినవాడు పోతన. పదిహేనో శతాబ్దంలో ఆయన రాసిన భాగవతం దశమస్కంధంలో, కృష్ణుడు గోపబాలురతో కలిసి యమున ఒడ్డున ఇసుకలో చల్దులు తినే ఘట్టం ఉంది. చల్ది చిక్కాలు భుజాన వేసుకుని దూడల్ని తోలుకెళ్లిన పిల్లలు, మధ్యాహ్నం గుండ్రంగా కూర్చుని ఒకరిది ఒకరు లాక్కుని తింటారు. కృష్ణుడి ఎడమచేతిలో మీగడ పెరుగు కలిపిన చద్దిముద్ద, వేళ్ల సందుల్లో ఊరగాయలు.

ఇక్కడ నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. సంస్కృత భాగవతంలో కృష్ణుడి వేళ్ల మధ్య ఉన్నవి "ఫలాలు". పోతన చేతికొచ్చేసరికి అవి ఊరగాయలయ్యాయి. అప్పటికి మన దేశంలో మిరపకాయ లేదు. పోర్చుగీసువాళ్లు వచ్చాకే అది మనకి అలవాటైంది. కాబట్టి అవి మన ఆవకాయలాంటి ఎర్రటి ఊరగాయలు అయ్యుండవు. అయినా పెరుగన్నంలోకి ఊరగాయ ఉండాలన్నది మాత్రం అప్పటికే తెలుగువాళ్ల నియమం అన్నమాట. దేవుడికైనా మినహాయింపు లేదు.

యజ్ఞభాగాలు అందుకునేవాడు పల్లెపిల్లలతో కూర్చుని చద్ది తింటుంటే పైనుంచి దేవతలు ఆశ్చర్యపోతారు. ఎందుకు ఆశ్చర్యం? శాస్త్రం ప్రకారం చద్దికి గౌరవం లేదు కాబట్టి. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో వండి జాము దాటినది, రుచి పోయినది, రాత్రి గడిచినది తామసులకి ఇష్టమైన ఆహారం అని ఉంది. అయితే మనుస్మృతి అయిదో అధ్యాయం చిన్న సందు ఇచ్చింది. నెయ్యో నూనో తగిలిన పదార్థం, పాడుకాకపోతే, రాత్రి గడిచినా తినవచ్చట. మన పోపన్నం ఆ శ్లోకం చూసి పుట్టిందని నేననను గానీ, నిన్నటి అన్నానికి నూనె, ఆవాలు, ఎండుమిర్చి తగిలించగానే అది మళ్లీ "ఇవాళ్టి వంట" అయిపోవడం మన వంటింట్లో ఎంత పాత అలవాటో తెలుస్తుంది కదా.

మిగిలిన మెతుకు గురించి ఇంతకంటే పెద్ద కథ ద్రౌపదిది. అరణ్యవాసంలో సూర్యుడిచ్చిన అక్షయపాత్ర ఎంతమందికైనా పెడుతుంది, ద్రౌపది తినేదాకా. ఆవిడ తిన్నాక ఆ రోజుకి ఇంక రాదు. దుర్వాసుడు శిష్యులతో వచ్చింది సరిగ్గా ఆవిడ తిన్న తర్వాత. అప్పుడు కృష్ణుడు పాత్ర అంచున అంటుకున్న ఆకుకూర, మెతుకు తిని లోకమంతటి ఆకలి తీర్చాడు. భక్తి కథగా విన్నాం ఇన్నాళ్లూ. ఇల్లాలిగా వింటే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆవిడ తినడం అందరి తర్వాతే. ఆవిడ తిన్నాక ఎవరొచ్చినా జవాబు చెప్పుకోవలసిందీ ఆవిడే.

పండగ చేసుకున్న చద్ది

శాస్త్రం ఏమన్నా, ఆడవాళ్ల పండగల్లో చద్దికి చోటు ఉండనే ఉంది. ఆశ్వయుజ బహుళ తదియ అట్లతద్ది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో ఆ రోజు తెల్లవారకుండానే ఆడపిల్లల్ని లేపి చద్దన్నం పెడతారు. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు. ఆ తర్వాత ఆటలు, ఉయ్యాలలు, చంద్రుడు కనిపించేదాకా ఉపవాసం. పగలంతా తినకుండా ఉండాల్సిన పిల్లకి నిలబెట్టే తిండి ఏదో ఎంచుకోమంటే మన పెద్దవాళ్లు ఎంచుకున్నది చద్దన్నమే.

తెలంగాణలో తొమ్మిదిరోజుల బతుకమ్మ చివరి రోజు సద్దుల బతుకమ్మ. పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్ది చేసి తీసుకెళతారు. ఇవేవీ మిగిలినవి కావు, అప్పుడే వండినవి. చల్లారినా బాగుండే అన్నం, మూటగట్టుకుని వెళ్లి నలుగురితో కలిసి తినే అన్నం అన్న అర్థంలో ఇక్కడ సద్ది నిలబడింది. బతుకమ్మ ముందు పంచే మలీద కూడా అంతే. రొట్టెని నలిపి బెల్లం, నెయ్యి కలిపితే అయ్యే తీపి అది. పెద్దల మాటని చద్దిమూటతో పోల్చిన సామెత పుట్టింది కూడా ఇలాంటి మూట నుంచే. దూరం వెళ్లేవాడి ఆకలి తీర్చేది, దారిలో పాడవనిది.

మన ఇరుగుపొరుగు రాష్ట్రాలూ ఇంతే. ఒడిశాలో పఖాళ, బెంగాల్‌లో పాంతా భాత్, అస్సాంలో పొయితా భాత్, తమిళనాట పళయ సోరు, కేరళలో పళంకంజి. ఒడియావాళ్లు మార్చి 20ని పఖాళ దినంగా జరుపుకుంటారు. 2021లో మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా పోటీ ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌదరి పాంతా భాత్‌నే న్యాయనిర్ణేతల ముందు పెట్టి మూడో స్థానం గెలుచుకుంది. చద్దన్నం తిన్నామని బయట చెప్పుకోవడానికి మొహమాటపడే మనకి అది మంచి జవాబు.

కుండ, ఉట్టి, కుడితి తొట్టి

పాత వంటింట్లో వృథా అనే మాటకి చోటు లేదంటే అది పొగడ్త కాదు, ఏర్పాటు అలా ఉండేది. అన్నం వార్చగా వచ్చిన గంజిలో ఉప్పేసి ఒకరు తాగేవారు. కొంత నూలు చీరలకి పెట్టడానికి తీసేవారు. గంజి పెట్టి ఆరేసిన చీర పెళపెళలాడుతుంటే ఆ కళే వేరు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయ తొక్కలు, మనుషులు తినలేనివన్నీ కుడితి తొట్టిలోకి. కుడితి తాగిన గేదె పాలిస్తుంది. ఆ పాలు తోడుకుని పెరుగై మర్నాడు చద్దన్నంలోకి వస్తాయి. మిగిలింది ఎటు తిరిగినా ఇంట్లోకే వచ్చేది.

రాత్రి అన్నంలో నీళ్లో, పలచటి మజ్జిగో పోసి మట్టికుండలో పెట్టి, పిల్లి, చీమలు అందుకోకుండా ఉట్టి మీద పెట్టేవారు. తెల్లారేసరికి కొద్దిగా పులిసేది. కోస్తా ఇళ్లలో కొందరు తరవాణి కుండ ప్రత్యేకంగా పెట్టేవారు. గంజి, నీళ్లు రోజూ చేరుస్తూ దబ్బాకు వేసి పులియబెట్టిన తరవాణిలో అన్నం వేసుకుని, ఉప్పు కలుపుకుని తాగితే ఎండలో వడదెబ్బ తగలదని నమ్మకం. ఆ కుండకి పసుపు, కుంకుమ పెట్టేవారంటే దాన్ని ఎంత మర్యాదగా చూసుకున్నారో అర్థమవుతుంది.

వరి అన్నం అందరికీ ఉండేది కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. రాయలసీమలో సద్ది అంటే సంగటి. రాత్రి రాగి సంగటి ముద్దని మజ్జిగలో పిసికి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ పొద్దున్నే తాగి పనికి వెళ్లేవారు. తెలంగాణ పల్లెల్లో జొన్న గట్క, అంబలి అదే పని చేశాయి. పంట ఏదైనా పద్ధతి ఒకటే. రాత్రి పొయ్యి మీద పొద్దుటి తిండి కూడా వండేసుకోవడం. తెల్లవారుజామున కల్లాపి, పాలు పితకడం, నీళ్లు తోడటం అన్నీ ఉన్న మనిషికి మళ్లీ పొయ్యి రాజెయ్యకుండా ఇంటిల్లిపాదికీ కడుపు నిండే మార్గం ఇదే. అంటే మనం ఇప్పుడు రాత్రిపూట వెతుక్కుంటున్న సులువుని వాళ్లు పొద్దున్నపూట సాధించుకున్నారు.

పొద్దున్నుంచి రాత్రికి

ఈ ఏర్పాటు ఎప్పుడు చెదిరింది? ఒక్కరోజులో కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల్లో కాఫీ అలవాటు పెరిగింది. పొద్దున్నే చద్దినీళ్లు తాగే ఇళ్లలోకి కాఫీ వచ్చిందని తమిళనాట ఆ రోజుల్లో పెద్దవాళ్లు విసుక్కున్నారు. కాఫీ వెనకే టిఫిను వచ్చింది. ఇడ్లీ, దోసె, ఉప్మా హోటళ్ల నుంచి ఇళ్లలోకి రోజువారీ అలవాటుగా దిగాయి. చద్దన్నం పల్లెటూరిదీ, పేదవాళ్లదీ అయిపోయింది.

తర్వాత రెండు వస్తువులు వచ్చాయి. 1958లో గోద్రెజ్ సంస్థ మన దేశంలో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది, 1959లో హాకిన్స్, ప్రెస్టీజ్ ప్రెషర్ కుక్కర్లు వచ్చాయి. ఇవి మామూలు ఇళ్లకి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టిందిలెండి. కుక్కర్ వచ్చాక అన్నం వార్చడం పోయింది, దాంతో గంజీ పోయింది. ఫ్రిజ్ వచ్చాక అన్నం పులవడం ఆగింది, దాంతో తరవాణి కుండ పోయింది. గేదె ఊళ్లోనే ఉండిపోయింది కాబట్టి కుడితి తొట్టీ పోయింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక జొన్న, రాగి తిన్న ఇళ్లలోకి కూడా వరి అన్నం రోజూ వచ్చింది. చాలామందికి అది నిజంగా కడుపు నింపిన మార్పు. దాంతోపాటే సద్ది సంగటి పక్కకి జరిగింది.

ఫలితం ఏమిటంటే, మిగిలిన తిండి పొద్దున్నుంచి రాత్రికి మారింది. ఇప్పుడు మనం పొద్దున్నే డబ్బాల కోసం వండుతున్నాం. మిగిలింది రాత్రికి ఫ్రిజ్‌లోంచి బయటికొస్తుంది. కుడితి తొట్టి లేదు కాబట్టి అక్కణ్ణుంచి అది వెళితే మన కంచంలోకి వెళ్లాలి, లేదా చెత్తబుట్టలోకి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోల ఆహారం, తొక్కలూ గింజలతో కలిపి, పారేస్తున్నారు. మన నాయనమ్మలు వింటే నమ్మరు.

ఎవరి కంచంలోకి?

ఇప్పుడు ఇందాక ఆపిన మాటకి వస్తాను. మిగిల్చిన చద్ది ఇంటిల్లిపాదిదీ. రైతు తిన్నాడు, పిల్లలు తిన్నారు, పాలేరు తిన్నాడు. పోతన కృష్ణుడూ తిన్నాడు. మిగిలిపోయిన అన్నం మాత్రం ఎప్పుడూ ఆడవాళ్లదే. అందరికీ వడ్డించి ఆఖర్న కూర్చున్న కోడలికి కూర అడుగంటిన గిన్నె, పప్పు గరిటె గీకిన గీకుడు, నిన్నటి పచ్చడి. మా అమ్మ అన్నం గిన్నెలోనే పులుసు పోసుకుని, పీట వాల్చుకోకుండా గుమ్మంలో కూర్చుని తినేది. "విడిగా కంచం ఎందుకు, కడగాలి కదా" అనేది. కంచం తోమేది కూడా తనే మరి.

ఇదంతా పోయిందని మనం అనుకుంటాం. నిజం చెప్పండి, భర్తకీ పిల్లలకీ వేడిగా చపాతీలు చేసి, మనం మాత్రం "నాకేం, నిన్నటి అన్నం ఉందిగా" అనే రాత్రులు వారానికి ఎన్ని? పారేస్తే పాపం, పెడితే ఎవరూ తినరు, కాబట్టి నేనే తినేస్తాను. ఈ మూడు ముక్కలే మన లెక్క.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అదే వయసు మగవాళ్లలో 25 మందికే. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ల లెక్క దేశం సగటు కంటే తక్కువేం లేదు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, నెలసరి, కాన్పులు అన్నీ. ఆఖర్న తినడం ఒక్కటే కారణమని నేను అనను. కానీ ఆకుకూర, గుడ్డు, పప్పు ముందువాళ్ల కంచాల్లోకి వెళ్లి, ఆఖరివాళ్లకి అన్నం, పచ్చడి మిగిలే పద్ధతి దీన్ని తగ్గించదని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

అందుకే చద్ది చరిత్ర నుంచి మనం తెచ్చుకోవలసింది కుండ, ఉట్టి కాదు. మిగిల్చడం. రాత్రికి ఏం కావాలో పొద్దున్నే లెక్కేసి కావాలని ఎక్కువ వండటం, దాన్ని రాత్రి అందరికీ వంటగా పెట్టడం, మనం కూడా అందరితో కలిసి అదే తినడం.

వారం మధ్యలో మా ఇంటి లెక్క

ముందు జాగ్రత్త ఒకటి. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచకూడదు. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనా హోటళ్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లకి వాంతులైతే, కారణం వెతికారు. ముందురోజు ఉడికించి బయటే వదిలేసిన అన్నంలో పెరిగిన బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి అది. దాని బీజాలు ఉడికించినా చావవు. అది వదిలిన విషం మళ్లీ వేడి చేసినా పోదు. పులిసిన చద్దన్నంలో ఆమ్లం తయారవుతుంది, ఆ పులుపు చాలా సూక్ష్మజీవులకి గిట్టదు. కుక్కర్లో వదిలేసిన వట్టి అన్నానికి ఆ కాపలా లేదు. కాబట్టి రాత్రికి కావలసిన అన్నాన్ని పొద్దున్నే వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి, గంటలోపే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. మర్నాటికల్లా అయిపోవాలి. వేడి చేసేది ఒక్కసారే, పొగలు వచ్చేదాకా.

చల్లారిన అన్నం గట్టిపడి మెతుకు మెతుకూ విడుతుంది. అందుకే పోపన్నానికీ పులిహోరకీ అదే మంచిది. వేరుశనగలు, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపులో వేసి, తురిమిన క్యారెట్, ఒక గుప్పెడు బఠాణీ, పసుపు. దించాక నిమ్మరసం. గుడ్డు తినేవాళ్లయితే రెండు గుడ్లు కొట్టి కలిపేస్తే పిల్లలకి వేరే ఏమీ అక్కర్లేదు. ఇరవై నిమిషాల పని.

సోమవారం ముద్దపప్పు వండితే రెట్టింపు వండుతాను. సగం తీసి పెట్టేసి, మంగళవారం రాత్రి చింతపండు రసం, టమాటా, ములక్కాడ వేసి ఇంగువ పోపుతో పప్పుచారు. ఇంకా మిగిలితే గోధుమపిండిలో పప్పు, వాము, కొత్తిమీర కలిపి రొట్టెలు. ఆ పిండికి నీళ్లు దాదాపు అక్కర్లేదు.

ఇడ్లీలు చేతితో పొడి చేసి ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపులో వేస్తే ఇడ్లీ ఉప్మా. దోసెల పిండి బాగా పులిస్తే బాధ లేదు, ఉల్లిపాయ తరిగి గుంతపొంగణాలు. బెండకాయ, వంకాయ వేపుడు మిగిలితే పెరుగులో కలిపి పోపు పెడితే పెరుగు పచ్చడి. చపాతీలు మిగిలితే మా పక్కింటి కరీంనగర్ ఆవిడ చెప్పినట్టు మలీద, పిల్లలు స్కూల్ నుంచి రాగానే చేతిలో పెట్టొచ్చు. చేపల పులుసుకైతే చెప్పక్కర్లేదు. మర్నాడు రుచి పెరిగే కూర అదొక్కటే చాలు, నిన్నటిది తక్కువ అన్నవాళ్ల నోరు మూయించడానికి.

వీటన్నిటికంటే మా ఇంట్లో ముఖ్యమైన నియమం ఒకటుంది. నిన్నటిది ఏదైనా సరే, బల్ల మీద మధ్యలో పెడతాను. అందరి కంచాల్లోకీ వెళ్లాలి, లేదంటే ఎవరి కంచంలోకీ వెళ్లదు. మొదట్లో మా అబ్బాయి "ఇది నిన్నటిదా?" అని మొహం చిట్లించేవాడు. "అవును, నీకోసమే ఎక్కువ వండాను" అన్నాను. ఇప్పుడు వాడే ఆదివారం పొద్దున్న బియ్యం కొలుస్తూ, "రాత్రికి కూడా వెయ్యనా?" అని అడుగుతున్నాడు.